చేదు కడిగిన ముక్క

వచ్చే ఆదివారం బడి వెనుక బండను కడిగించి, దాని మీద టీచర్ పేరు రాయిస్తున్నారు. అది ఆపమని అడగడానికే ఇది రాస్తున్నాను. ఎల్లారెడ్డిలో మనకు సైన్స్ చెప్పిన టీచర్ కామారెడ్డి ఆసుపత్రిలో చనిపోయి పన్నెండు రోజులైంది. పాత విద్యార్థుల గ్రూపులో బండ సంగతి వచ్చినప్పుడు నేనూ చప్పట్ల బొమ్మ పెట్టాను. ఆలోచించలేదు.

ఆ బండ మీది బూడిద రంగు పొరలను మనం పాచి అనేవాళ్లం. "పాచి గాదు, లైకెన్. బూజు జాతిదొకటి, నాచు జాతిదొకటి కలిసి ఒక్క ఒంటిగ బతుకుతయ్," అనేవారు టీచర్. ఓ రోజు గాజుల దుకాణం నుంచి గోళ్ల రంగు తుడిచే మందు తెచ్చారు.

"టీచర్‌కు సోకు పుట్టిందే!" అని వెనుక బెంచీ నుంచి ఎవరో అన్నారు.

"సోకు నాకు గాదు, దీనికి స్నానం," అంటూ ఒక లైకెన్ ముక్కను ఆ మందులో ముంచి ఆరబెట్టారు. ఇంకో ముక్కను కడగకుండా ఉంచారు. వానకు గోడెక్కిన నత్తను పట్టి, రెండు ముక్కలతో పాటు గాజు సీసాలో పెట్టారు.

మర్నాటికి కడిగిన ముక్క అంచులన్నీ కొరికేసి ఉన్నాయి. రెండోది అట్లాగే ఉంది.

"మందుకు దాని చేదు పోయింది. చేదంటే అది చేసుకునే ఆమ్లాలు. అవి ఉంటే నత్తలు, పురుగులు నోరు పెట్టవు, చానా రకాల బ్యాక్టీరియా గూడ పెరగదు. ఉన్నకాడి నుంచి ఉరకలేదు గద బిడ్డా, మరి ఎట్ల బతకాలె?"

తొమ్మిదో తరగతిలో నన్ను మాన్పించి బీడీలకు కూర్చోబెట్టాలని మా బాపు లింగంపేట నుంచి బడికి వచ్చాడు. మా ఇంట్లో నాకంటే ముందు చదివినవాళ్లు లేరు. టీచర్ ఆయన్ని కూర్చోమని కూడా అనలేదు.

"మాన్పియ్యి. నేను రోజూ మీ ఇంటికొచ్చి కూసుంట. చాయ్ పోస్తవా, తిట్లు పడ్తవా?"

దారిలో బాపు, "గది నోరా, కాకరకాయనా!" అన్నాడు. మళ్లీ మాన్పించే ముచ్చట ఎత్తలేదు.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు టీచర్ ఎవరినీ కసరలేదు. చల్లారిన చాయ్ ఇచ్చిన ఆయాకు దండం పెట్టారు. "మంచిగున్నవా బిడ్డా," అని మెత్తగా అడిగారు. నాకు సీసాలోని ఆ కడిగిన ముక్క కనిపించింది. బస్సు పోతదని అబద్ధం చెప్పి లేచాను. ఆ మెత్తని గొంతు ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

మొన్న బండ దగ్గరికి వెళ్లాను. ప్రతి పదో తరగతి బ్యాచ్ వెళ్లిపోయేటప్పుడు టీచర్ లైకెన్ అంచు వెంట గోళ్ల రంగుతో గీసిన గీతలు వెలిసిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లలో లైకెన్ వేలెడు కూడా జరగలేదు. కానీ మా బ్యాచ్ గీతను సగం కప్పేసింది. పక్కనే ఇనుప బ్రష్షు, యాసిడ్ డబ్బా తెచ్చి పెట్టారు.

పేరు గోడ మీద రాయిద్దాం. శుక్రవారం సాయంత్రం లోపు గ్రూపులో ఒక్క మాట రాయండి, బండను కడగొద్దని.