పాలుకిచ్చిన పెట్టలు

నా చిన్నప్పుడు జిన్నారం దగ్గర మా ఊళ్లో కోళ్లను పాలుకిచ్చేవాళ్లు. పెట్ట ఒకరిది, మేపడం ఇంకొకరిది, బతికిన పిల్లల్లో చెరిసగం. మా నాయనమ్మ అలా చాలా ఇళ్లలో పెట్టలను ఉంచింది. మా అమ్మకు అది గిట్టేది కాదు. వాడకట్టు చివరి ఇంటి అక్క మీదైతే ఒకటే అనుమానం. అక్కడ గంపెడు పిల్లలు లేచేవి, పంచుకునే వేళకు కొన్నే మిగిలేవి. అడిగితే గద్ద తన్నుకుపోయిందనేది అక్క.

"గద్దలన్నీ దానింటి మీదనే తిరుగుతయా? కూర వాసన నాకు తెల్వదా?" అనేది అమ్మ.

నన్ను కాపలా పంపింది. ఆడుకుంటున్నట్టు అక్క వాకిట్లో కూర్చున్నాను. నా కళ్ల ముందే గద్ద దిగింది. అక్క చీపురు విసిరేలోపే పిల్లను ఎత్తుకుపోయింది. ఉరికొచ్చి చెబితే, "గుడ్డు ఉడకబెట్టి పెట్టిందా నీకు?" అంది అమ్మ. నా మాటకూ విలువ లేదు.

మర్నాడే అమ్మ పెట్టలన్నీ ఇంటికి తెచ్చేసింది. అక్క దగ్గరి ఒక్క పెట్టను మాత్రం నాయనమ్మ తేనివ్వలేదు.

"అన్నీ ఒక్కకాడ పెట్టకే. దాన్ని ఆడనే ఉండనియ్యి."

"కోసుకొని తినమనా, అత్తా?" అని అమ్మ అక్క ముఖానే అంది. అక్క తలుపేసుకుంది.

మేం గద్దను రానివ్వలేదు. పిల్లలన్నీ బతికాయి. పెరట్లో పురుగూ గింజా త్వరగానే అయిపోయాయి. తవుడు పోస్తే పొడుచుకునేవి, గూడు చాలక ఒకదాని మీదొకటి పడుకునేవి. ఎండలు ముదిరాక ఒక పెట్ట మెడ వాల్చింది. ఎవరో మందు పెట్టారని అమ్మ అందరినీ అనుమానించింది. అది ఒక కోడి నుంచి ఇంకో కోడికి అంటుకునే కొక్కెర తెగులు. చూస్తుండగానే గూడు ఖాళీ అయింది.

మళ్లీ కోళ్లంటే ఇక అక్క దగ్గరున్నవే దిక్కు. నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

"ముందుగాల నీ కోడల్ని పంపు, మా పొయ్యి వాసన సూసి పోతది" అంది అక్క. అంటూనే మా వంతు పిల్లలను గంపలో పెట్టింది.

దారిలో నాయనమ్మ చెప్పింది: "గద్దకు ఒకటో రెండో పోతుండె బిడ్డా. మనం దాన్ని ఆపినం. ఇగ తిండి సాలలే, జాగ సాలలే, రోగమొచ్చి అన్నీ ఊడ్సుకపోయింది."

ఇప్పుడు మా ఊరి చుట్టూ కంపెనీలే, గద్దలు కనబడవు. పెరట్లో పిల్లలన్నీ బతికితే చూసినవాళ్లు సంబరపడతారు, నాకు భయం పుడుతుంది. అందుకే సగం కోళ్లను దూరం ఇళ్లకు పాలుకిస్తాను. ఈసారి ఒక పెట్టను కంపెనీ పనికొచ్చి కిరాయికున్న ఒడిశా వాళ్లకిచ్చాను. పిల్లలు తక్కువయ్యాయంటే కోసుకు తిన్నారేమోనని నాకు అనుమానమే. అయినా వెనక్కి తెచ్చుకోను.