తువ్వాలు వేయని మనిషి

మైదుకూరు బస్టాండులో కడప బస్సు ఆగీ ఆగకముందే జనం కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు విసిరి సీట్లు పట్టుకుంటారు. జయపాల్ మాత్రం తలుపుకు రెండడుగుల దూరంలో, ముందు పెద్ద వరుస ఉన్నట్టు ఒద్దికగా నిలబడతాడు. కిర్గిజ్‌స్తాన్‌లో ఆరేళ్లు వైద్యం చదివినప్పుడు అబ్బిన అలవాటది. తన వంట తాను వండుకోవడం, మంచులో జారకుండా నడవడం, లేనిది ఉందని చెప్పకపోవడం కూడా అక్కడే నేర్చుకున్నాడు. ఇక్కడ డాక్టరు కావాలంటే రాయాల్సిన పరీక్ష మాత్రం ఐదుసార్లు తప్పాడు. ఇప్పుడు కడపలో ఒక మెడికల్ షాపులో పని. గోళ్లు ఇప్పటికీ ఆపరేషనుకు పోయేవాడిలా పొట్టిగా కత్తిరించుకుంటాడు. రోజూ నిలబడే ప్రయాణం.

మొన్న ఖాజీపేట దాటాక కిటికీ పక్కనున్న ముసలామె చెమటలు కారుతూ ఒరిగిపోయింది. జయపాల్ కిటికీ తెరిచి, ఆమె నాడి పట్టి చూశాడు. "గుండెనొప్పి మాదిరి ఉండాదన్నా. యాడా ఆపకుండా పెద్దాసుపత్రికి పోనీ" అన్నాడు కండక్టరుతో.

"నువ్వేమన్నా డాక్టరువా అప్పా?"

ఔననబోయిన నోటితోనే "కాదన్నా" అన్నాడు.

"మరి పక్కకు జరుగు. ఊరికే భయపెడతాండావు."

వెనక సీటులోంచి ఆర్‌ఎంపీ ఒకాయన సంచీతో లేచి వచ్చాడు. "గ్యాసు, అంతే" అని సూది వేశాడు. బస్సంతా ఊపిరి పీల్చుకుంది. జయపాల్ రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. చెన్నూరులో బస్సు మామూలుగానే ఆగింది. అతను తెరిచిన కిటికీలోంచి ఎవరిదో తువ్వాలు వచ్చి ముసలామె ఒడిలో పడింది. ఆమె దాన్ని తీయలేదు.