పుస్తకంలో అతను మాట్లాడడు

ఆదివారం మ్యాట్నీ అయిపోయాక మేం ముగ్గురం హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక చాయ్ హోటల్లో కూర్చునేవాళ్లం. సినిమా ఎంతసేపు నడిచేదో దాని మీద తగువు కూడా దాదాపు అంతసేపే నడిచేది. అన్ని సినిమాల మీదా కాదు. ఇంగ్లిషు బొమ్మల పుస్తకాల్లోంచి తీసి, తెలుగులోకి డబ్బింగ్ చేసి వదిలే సూపర్ హీరో సినిమాల మీద. పెళ్లిళ్లయి పిల్లలున్న మగవాళ్లు ముసుగు హీరోల కోసం గొంతులు పెంచుకుంటుంటే పక్క బల్లల వాళ్లు చాయ్ చల్లారబెట్టుకుని మరీ మమ్మల్ని చూసేవాళ్లు.

మాలో పెద్దాయన్ని మేం భాయ్ అనేవాళ్లం. ధర్మసాగర్ నుంచి వచ్చి హన్మకొండలో ఇల్లు కట్టుకున్న ముస్లిం కుటుంబం వాళ్లది. ఇంట్లో తెలుగే ఎక్కువ. ఒక ఫ్లెక్సీల షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని డిజైన్లు చేసేవాడు. పుట్టినరోజు శుభాకాంక్షలు, శ్రద్ధాంజలులు, ఎన్నికల్లో చేతులు జోడించే నాయకులు. ఊళ్లో గాలికి ఊగే మొహాల్లో చాలావాటికి మచ్చలు తుడిచి మెరుపు పెట్టింది ఆయనే. చిన్నప్పుడు పాత పుస్తకాల బండి మీద దొరికిన బొమ్మల పుస్తకాలు చూసే బొమ్మలు వేయడం నేర్చుకున్నానని చెప్పేవాడు. ఇంగ్లిషు చదవడం కూడా వాటితోనే వచ్చిందట. రెండో మనిషి మా మేనమామ కొడుకు, నాకు బావ. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం. పుస్తకం ముట్టడు, సినిమా వదలడు. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. తగువులో నాకంటూ ఒక పక్షం ఉండేది కాదు. ఎవరు ఓడిపోతుంటే వాళ్ల వైపు మాట్లాడేవాణ్ని.

భాయ్‌కి ప్రాణమైన పుస్తకం ఒకటుంది. బొగ్గు గని కూలినప్పుడు లోపల చిక్కుకుని, అందరూ పోయాడనుకున్నాక బయటికొచ్చిన ఒక కార్మికుడి కథ. బయటికొచ్చాక అతనికి ఒక శక్తి వస్తుంది. అరచేతులు నేలకు ఆనిస్తే భూమి కంపించడం ఆగిపోతుంది. కానీ గనిలోంచి వచ్చిన రోజు నుంచి అతను మాట్లాడడు. ఎందుకు మాట్లాడడో పుస్తకంలో ఎక్కడా చెప్పరు. చుట్టూ ఉన్నవాళ్ల మాటలు బుడగల్లో ఉంటాయి. అతని దగ్గర బుడగ ఉండదు. పేజీలకు పేజీలు అట్లాగే పోతాయి. ఆ పుస్తకాన్ని భాయ్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని దాచుకునేవాడు. నేను చేతులు తుడుచుకుంటే తప్ప దాన్ని నాకు ఎప్పుడూ ఇవ్వలేదు.

అది సినిమాగా వస్తోందని తెలిసినప్పుడు ఆయన సంతోషపడలేదు, దిగులుపడ్డాడు. సినిమా వచ్చింది. మొదటి రోజే వెళ్లాం. తెర మీద ఆ మనిషి గనిలోంచి బయటికొచ్చి, దుమ్ము దులుపుకుని, గంభీరమైన తెలుగు గొంతుతో మొదటి డైలాగ్ చెప్పాడు. హాలంతా ఈలలు వేసింది. నా పక్కన భాయ్ కుర్చీలో కిందికి జారిపోయాడు.

"మాట్లాడిపిచ్చిండ్రు," అన్నాడు చాయ్ దగ్గర, ఎవరింట్లోనో చావు గురించి చెప్పినట్టు.

"భాయ్, హీరో నోరు తెరువకపోతె జనం ఎట్ల కూసుంటరు?" అన్నాడు బావ. "పుస్తకం పుస్తకమే, సినిమా సినిమానే. రెంటిని ఒక్క తక్కెట్ల పెడ్తవేంది?"

"అయితె వేరే మనిషి కథ తీసుకోవాలె. ఈయన్నెందుకు తీసుకున్నరు? ఆయన మాట్లాడకపోవుడే కద కథ."

"మొత్తం ఖరాబ్ చేసిండ్రంటవ్. మంచిగ తీసినై చెప్పవు. పుస్తకంల వాళ్లమ్మ కిటికీ కాడ నిలబడుతదని నువ్వే చెప్పినవ్ కద. ఆయన ఊరు విడిచి పోతాంటె. అది పెట్టిండ్రు కద."

"పెట్టలే."

"పెట్టిండ్రు భాయ్. నా కండ్లతోని చూసిన."

"నేను చూడలేదా మరి? లేదు అక్కడ."

నన్నడిగారు. నాకు గుర్తుంది, కిటికీలో ముసలామె ఉంది. ఉందన్నాను. భాయ్‌కి కోపం వచ్చింది. ఇద్దరూ ఒక్కటయ్యారన్నాడు. మళ్లీ వెళ్లి చూసి తేల్చుకుందామని బావ పంతం పట్టాడు.

మరుసటి ఆదివారం మళ్లీ టికెట్లు తీసుకున్నాం. హాల్లోకి పోయేసరికి ప్రకటనలు మొదలై లైట్లు తీసేశారు. మెట్లు ఎక్కుతుంటే భాయ్ నా భుజం పట్టుకున్నాడు. ఎప్పుడూ అట్లాగే పట్టుకుంటాడు కాబట్టి నేను దాని గురించి ఏమీ అనుకోలేదు. ఆ సీను వచ్చింది. హీరో మూట భుజాన వేసుకుని తెరకు కుడివైపు నడిచిపోతున్నాడు. భాయ్ చూపు అతని మీదే ఉంది.

"ఎడమ దిక్కు, కింద," అన్నాడు బావ.

భాయ్ కళ్లు కాదు, తల మొత్తం తిప్పాడు, రోడ్డు దాటే మనిషిలాగా. కిటికీ కనబడింది. "ఔ. ఉన్నది," అన్నాడు.

ఆ రోజు చాయ్ దగ్గర తగువు జరగలేదు. బావ గెలిచిన సంతోషంలో సమోసాలు తెప్పించాడు. భాయ్ వాటిని ముట్టుకోకుండా నావైపు తిరిగి అడిగాడు.

"తమ్మి, నువ్వు కండ్ల పాఠం చెప్తవ్ కద. తెర మొత్తం ఒక్కపారే కనబడుతదా నీకు? ఆ మూలకెల్లి ఈ మూల దాంక?"

"కనబడుతది భాయ్. అందరికి గంతే కద."

"అందరికా," అన్నాడు.

అప్పుడు ఒక్కొక్కటీ చెప్పాడు. పొద్దుగూకితే బండి నడపడం మానేసి చాలా రోజులైంది. షాపులో నేల మీద పెట్టిన ఫ్లెక్సీ చుట్టలకు కాలు తగిలి పడుతుంటాడు. పుస్తకం చదివేటప్పుడు ఒక గడి చూశాక పక్క గడి కోసం వెతుక్కోవాలి. లోకమంతా అట్లాగే చదువుతుందని, బొమ్మలు గళ్లు గళ్లుగా గీసేది అందుకేనని అనుకున్నాడట. ఆ మాటకు బావ నవ్వబోయి ఆగిపోయాడు.

హైదరాబాద్‌లో కళ్ల దవాఖానకు ముగ్గురం వెళ్లాం. చీకటి గదుల్లో చాలాసేపు పరీక్షలు చేశారు. చివరికి ఒక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. కంటి వెనక తెరలో కణాలు అంచుల నుంచి చచ్చిపోతున్నాయి. అది లోపలికి వస్తుంది. ఎంత వేగంగా అన్నది చెప్పలేం. ప్రస్తుతానికి మందు లేదు, ఆపరేషన్ లేదు. ఆమె చెప్పిన ప్రతి ముక్కా నాకు అర్థమైంది. ఏటా బోర్డు మీద కంటి బొమ్మ గీసి, దండకణాలు, శంకుకణాలు అని రంగు చాక్‌పీసులతో గుర్తులు పెట్టేవాణ్ని నేనే. ఆ ఏడాది ఆ పాఠం వేరే సార్‌ని చెప్పమన్నాను.

తిరిగొచ్చే బస్సులో భాయ్ కిటికీ పక్కన కూర్చున్నాడు. జనగామ దాటాక బావ ఫోన్లో విదేశాల్లో జరుగుతున్న పరిశోధనల గురించి వెతికి చదవడం మొదలుపెట్టాడు. "మందు వస్తది భాయ్, ఫికర్ చెయ్యకు." భాయ్ సరేనన్నాడు, బావ బాధపడకూడదని.

మందు రాలేదు. అంచులు మాత్రం లోపలికి వచ్చాయి. షాపులో మొదట తప్పులు మొదలయ్యాయి. ఒక పెళ్లి ఫ్లెక్సీలో పెళ్లికూతురి నాన్న మొహం సగం దాకా కత్తిరింపులో పోయింది. అచ్చయి, కట్టేదాకా భాయ్‌కి తెలియలేదు. ఓనరు మంచివాడే, ఏమీ అనలేదు. ఆర్డర్లు రాసుకునే పని ఇచ్చాడు. తర్వాత అదీ కుదరలేదు. భాయ్ ఇంటి దగ్గరే ఉండిపోయాడు. ఆయన భార్య, మా భాభీ, చుట్టుపక్కల పిల్లలకు ట్యూషన్లు చెప్పడం మొదలుపెట్టింది.

పుస్తకాలు మాత్రం చూస్తూనే ఉండేవాడు. ఎండ బాగా పడే చోట కుర్చీ వేసుకుని, పేజీని కంటి ముందు అటూ ఇటూ జరుపుతూ. కొన్నాళ్లు ఒక గడి కనబడేది. తర్వాత ఒక మొహం. "ముక్కు దొరికితె కన్ను పోతాంది తమ్మి," అన్నాడొకసారి. ఆ తర్వాతి చలికాలానికి మధ్యలో మిగిలిన ఆ కొంచెం కూడా పొగబారింది. వెలుగు, నీడ తెలుస్తాయి. అంతే.

నేను చదివి వినిపిస్తానన్నాను. పుస్తకాలన్నీ వరసగా చదివాను. మాటలున్నవి బాగానే నడిచాయి. ఒక రోజు ఆయన ఆ గని పుస్తకం తెమ్మన్నాడు. కవరు విప్పి ఒళ్లో పెట్టుకున్నాక నాకు తెలిసింది, హీరో ఒక్కడే ఉన్న పేజీల్లో చదివి వినిపించడానికి ఏమీ లేదని.

"ఇప్పుడేం జేస్తాండు?" అని అడిగాడు.

"నిలబడ్డడు భాయ్."

"ఎట్ల నిలబడ్డడు?"

"ఎట్లంటె, ఊరికెనే. ఊరి బయట నిలబడ్డడు."

"ఊరికెనే కాదు. భుజం చూడు తమ్మి. కుడి భుజం."

చూశాను. ఒక గీత. కొద్దిగా కిందికి వంగింది. ఆ వంపులో ఏదో ఉంది, నాకు కనబడుతూనే ఉంది, చెప్పబోతే మాట రాలేదు. "కిందికి ఒరిగింది," అన్నాను.

"ఇంకా?"

"గంతే భాయ్."

ఆయన చేయి చాచి పేజీ మీద పెట్టాడు. వేళ్లతో మెల్లగా తడిమాడు. నున్నటి కాగితం, వేళ్లకు ఏమీ తెలియదు. "సరే, మూసెయ్," అన్నాడు. వంటింట్లో భాభీ చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. ఆమె వింటోందని అర్థమై నాకు తల ఎత్తాలనిపించలేదు.

ఆ సినిమాకు రెండో భాగం వచ్చింది. తీసుకుపోదామని బావే అన్నాడు. భాయ్ మొదట వద్దన్నాడు, మళ్లీ ఫోన్ చేసి వస్తానన్నాడు. హాల్లో మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. నేను చెవిలో చెప్పడం మొదలుపెట్టాను, కొండ కూలుతాంది, జనం ఉరుకుతాండ్రు అని. ముందు వరసలోని ఒకాయన వెనక్కి తిరిగి, "జర మెల్లగ, అన్న," అన్నాడు. సంగతి తెలియని మనిషి. భాయ్ నా చేయి మీద తట్టాడు. "వద్దులే తమ్మి. ఆయన మాట్లాడతాండు కద, నేను వింట."

విన్నాడు. ఆ గంభీరమైన గొంతు ఎక్కడ పలికినా ఆయన మొహం అటు తిరిగేది.

బయటికొచ్చి ఎప్పటి హోటల్లోనే కూర్చున్నాం. గ్లాసు నేనే ఆయన చేతికి అందించాను. రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మొన్నటిదాంక కండ్లు మూసుకుంటె పుస్తకంల మొహం వస్తుండె," అన్నాడు. "గనికెల్లి బయటికొచ్చిన మొహం. మసి, ఆ కండ్లు. ఇప్పుడు వస్తలేదు. ఎంత తలుసుకున్నా ఈ గొంతే వస్తాంది. దానికి మొహం లేదు. నేను ఇన్నేండ్లు ఏది వద్దన్ననో గదే మిగిలింది నాకు."

బావ ఆగలేకపోయాడు.

"నువ్వన్నదే కరెక్టు భాయ్. పుస్తకమే గొప్పది. సినిమా వాళ్లు నాశనం చేసిండ్రు. వాడు మాట్లాడకుండనే ఉండాల్సింది."

భాయ్ గ్లాసు పెట్టడానికి బల్ల కోసం తడిమాడు. దొరికాక పెట్టాడు.

"నువ్వు పుస్తకం తెరిచి చూడనన్న చూడలే. గొప్పదని నీకెట్ల ఎర్క?"

బావ తన గ్లాసును కొంచెం పక్కకు జరిపాడు.

"నాతోని కొట్లాడు బావ. ఎప్పటి లెక్క." ఆయన కూడా అతన్ని బావ అనే పిలిచేవాడు. "పుస్తకం పుస్తకమే, సినిమా సినిమానే అను. మూగోన్ని ఎవడు చూస్తడు అను. అంటలేవేంది?"

బావ ప్రయత్నించాడు. "లేదు భాయ్, జనానికి డైలాగులు కావాలె కద," అని మొదలుపెట్టాడు. గొంతులో బలం లేదు. సగంలో ఆపి అటువైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. చప్పుడు చేయకుండానే తుడుచుకున్నాడు, కానీ భాయ్‌కి తెలిసిపోయింది. నేను ఇంటికి దింపుతానంటే భాయ్ సరేనని లేచాడు.

తర్వాత ఆదివారాలు ఆయన రాలేదు. ఫోన్ చేస్తే, "జర పనున్నది తమ్మి," అనేవాడు. ఆయనకు పని లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంటికి పోతే మర్యాదగా మాట్లాడేవాడు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయని, ఎండలు ముదిరాయని. నేను సినిమా సంగతి ఎత్తబోతే భాభీ కళ్లతోనే వద్దనేది. పుస్తకాలన్నీ మూటలు కట్టి అటక మీద పెట్టించాడని ఒకసారి గుమ్మం దాకా వచ్చి చెప్పింది. "రోజంత గోడ దిక్కు కూసుంటాండు భయ్యా. నేను పిలిస్తెనే పలుకుతాండు. లేకపోతె మాటనే లేదు." నేను ఏదో ఒకటి చెప్తానని ఆమె నిలబడి ఉంది. మళ్లీ వస్తానని చెప్పి బండి తీశాను. ఆ తర్వాత నేను పోవడం కూడా తగ్గిపోయింది. పోయి ఏం మాట్లాడాలో తెలియక.

ఈ వేసవిలో మూడో భాగం వచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్నే వెళ్లాను. ఇంటర్వెల్‌లో బయటికి వస్తే పాప్‌కార్న్ దగ్గర వరసలో బావ నిలబడి ఉన్నాడు. ఒక్కడే. నన్ను చూసి కొంచెం తడబడ్డాడు.

"ఒక్కనివే వచ్చినవా?" అన్నాడు.

"ఔ. నువ్వు?"

"ఆఫీసుల జల్దిన విడిచిపెట్టిండ్రు."

అత్తమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుందని అడిగాను. తగ్గలేదన్నాడు. మా అబ్బాయి ఏ కాలేజీలో చేరుతున్నాడని అడిగాడు. ఇంకా తేలలేదన్నాను. సినిమా ఎట్లా ఉందని అతను అడగలేదు. భాయ్ దగ్గరికి ఎప్పుడు పోయావని నేను అడగలేదు. బెల్లు మోగింది. అతను కింది వరసల్లోకి, నేను పై వరసల్లోకి పోయి ఎవరి సీట్లో వాళ్లం కూర్చున్నాం.