పూజలో పెట్టిన ఉత్తర్వు

నూజివీడు మామిడి వర్తకుడు పాండురంగారావు గారి రెండో కోడలు పద్మకు 1961 సెప్టెంబరు నెలాఖరున ఉద్యోగపు ఉత్తర్వు వచ్చింది. విస్సన్నపేట అవతల ఒక పల్లెలోని ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా అక్టోబరు ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం పన్నెండు గంటలలోపు చేరవలెననీ, చేరనిచో నియామకము రద్దగుననీ అందులో ఉంది. ట్రైనింగు పూర్తిచేసి వచ్చి, పెళ్ళయిన మూడేళ్ళూ వేసవి పొడవునా అత్తవారి వాకిట్లో గంపలకు గడ్డి పరిచి కాయలు పేర్చిన మనిషి ఆ కాగితాన్ని కంఠతా వచ్చేదాకా చదువుకుంది.

ఇంట్లో ఎవరూ వద్దనలేదు. వద్దంటే ఎందుకని అడగవచ్చు, వాదించవచ్చు. ఆ అవకాశం కూడా ఇవ్వకుండా, ముందు దసరా కానివ్వమన్నారు.

వేసవిలో ఆ ఇంటి కాయను బెజవాడకు చేర్చే పడవ శరదృతువులో ఖాళీగా ఉండేది. ఏటా దానికి చాపలు పరిచి, కుంపటి ఎక్కించి, ఇంటిల్లిపాదీ ఏలూరు కాలువ మీద దుర్గమ్మ దర్శనానికి వెళ్ళి రావడం వాళ్ళ ఆనవాయితీ. నవమి రాత్రికల్లా ఇంట్లో ఉంటామనీ, దశమి నాడు తానే విస్సన్నపేట బస్సెక్కిస్తాననీ పాండురంగారావు గారు మాట ఇచ్చారు. అత్తగారు వరలక్ష్మి మరో మాట కలిపింది.

"ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పడానికి కాదమ్మా, మా పిల్లలకు చెబుతావని చదువుకున్నదాన్ని తెచ్చుకున్నాం. అయినా వెళ్దువుగానిలే, పండగ వెళ్ళనీ."

మూలా నక్షత్రం నాడు బెజవాడ రేవులో, పడవ గదిలోనే పీట వేసి సరస్వతీ పూజ చేశారు. పిల్లల వాచకాలు, పలకలు, కొట్టు పుస్తకం పీట మీదికి చేరాయి. నీ ఉత్తర్వు కూడా పెట్టమ్మా, మంచి జరుగుతుందని వరలక్ష్మి చెయ్యి చాచింది. ఆ ఇంట్లో ఆ కాగితాన్ని ఎవరైనా గౌరవంగా తలుచుకోవడం అదే మొదలు. పద్మ సంతోషంగా రెండు చేతులా అందించింది. పూజలో పెట్టిన పుస్తకాన్ని ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదన్న సంగతి ఆమెకూ తెలుసు. దశమి పొద్దున్నే ఉద్వాసన చెబుతారు కదా అనుకుంది.

తిరుగు ప్రయాణంలో, నవమి తెల్లవారేసరికి పడవ లాకుల దగ్గర ఆగిపోయింది. సరంగు హనుమయ్య పడవ తోసే గడను కడిగి పసుపు రాశాడు. పడవ లాగే మోకును చుట్టగా చుట్టి దాని పక్కన పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. దశమి సాయంత్రం జమ్మి పూజ అయ్యేదాకా వాటిని ముట్టకూడదనీ, లాకుల వాళ్ళూ ఈ రెండు రోజులు తలుపులెత్తే చక్రం తిప్పరనీ, ఏకాదశి పొద్దున కదిలితే మధ్యాహ్నం దాటాక నూజివీడు వైపు రేవు చేరవచ్చనీ చెప్పాడు. ఏకాదశి అంటే ఇరవయ్యో తేదీ.

ఏటా ఇదే నవమికి తన కొట్లో కాటాకు బొట్టు పెట్టించి తూకం ఆపించే పాండురంగారావు గారికి, పడవవాడికీ పనిముట్లుంటాయని తట్టలేదట! తన త్రాసు దేవుడు, ఎదుటివాడి గడ కర్రముక్క. పెద్దమనిషి అనిపించుకున్నవాడి చూపు అంతవరకే ఆనింది. ఆయన మాత్రం నొచ్చుకోలేదు. పేకముక్కలు తెప్పించుకున్నారు.

పద్మకు ఆ రోజు గడవలేదు. గదిలో నిలబడితే తల పైకప్పుకు తగిలేది. పదకొండు మంది మధ్య కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే ఎదురుగా పీట, పీట మీద వాచకాల మధ్య నుంచి బయటికి కనిపించే కవరు అంచు. నిజానికి గట్టుకు వేసిన బల్ల వేసినట్టే ఉంది. రెండు మైళ్ళు నడిస్తే బస్సు రోడ్డు. కాని కాగితం లేకుండా వెళ్ళి ఎవరికి ఏమని చెప్పుకోవాలి?

దశమి పొద్దున ఉద్వాసన చెప్పమని అడిగింది. జమ్మి పూజ అయ్యాక సాయంత్రం చెబుదామంది అత్తగారు. భర్త భాస్కరరావు పీట వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, తర్వాత నీళ్ళ వైపు తిరిగాడు. పాండురంగారావు గారు ముక్కలు కలుపుతూనే తీర్పు చెప్పారు.

"కాగితం అమ్మవారి దగ్గరుంది, బల్ల అక్కడుంది. ఉత్త చేతులతో పోతే ఎవరు చేర్చుకుంటారో నేనూ చూస్తాను."

జీవితమంతా చేతిలో ఉన్న చీటీనే నమ్మిన వర్తకుడి మాట అది. అప్పుడు పద్మకు ఉత్తర్వు చిట్టచివర, సంతకం కింద ఉన్న పంక్తి గుర్తొచ్చింది: నకలు, ప్రధానోపాధ్యాయులకు. అంటే ఆ కాగితం ఈ పడవలో ఒక్కచోటే లేదు.

ఆమె పీటకు దండం పెట్టుకుంది. దేనినీ ముట్టుకోలేదు. చీరల సంచి తీసుకుని బల్ల దగ్గరికి వచ్చేసరికి హనుమయ్య కాలుతున్న చుట్ట పక్కన పెట్టి లేచాడు.

"గడ పూజలో ఉంది కాని బల్ల లేదు, కోడలమ్మా. కాలు జారుద్ది, నా భుజం పట్టుకో."

వెనక నుంచి వరలక్ష్మి, దిగితే మళ్ళీ ఎక్కే పని లేదంది. పద్మ వినే దిగింది.

సాయంత్రానికి ఆ పల్లె చేరి, ప్రధానోపాధ్యాయుడు నరసింహులు గారింట్లో తల దాచుకుంది. మర్నాడు పదిన్నరకు ఆయన ఫైలులోంచి నకలు తీసి, అసలు ప్రతి ఏదమ్మా అని అడిగారు.

"పూజలో ఉందండీ."

ఆయన, అసలు ప్రతి పిదప దాఖలు చేయగలదు అని రాసుకుని, హాజరుపట్టీ ఆమె వైపు తిప్పారు.

ఆ అసలు ప్రతి రానేలేదు. వరలక్ష్మి దాన్ని తన పెట్టెలో దాచింది. పద్మ రాసిన మూడు ఉత్తరాలకు జవాబు లేదు. నవంబరులో ఒక ఆదివారం భాస్కరరావు వచ్చాడు. పద్మ అద్దె గదిలో అన్నం తిన్నాడు, గోడకు ఆనించిన నల్లబల్లను చాలాసేపు చూశాడు. ఇక్కడే ఉండిపోకూడదా అని ఆమె అడిగింది. మైలవరం వెళ్తున్నానని చెప్పి వచ్చాననీ, మూడింటి బస్సు తప్పితే ఇంట్లో అడుగుతారనీ అన్నాడు. ఆమె బస్సు దాకా వెంట నడిచింది. అతను కిటికీ పక్కన కూర్చుని, ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు.