బతికున్న బాపుకు సంతాపం

మా బడికి కృత్రిమ మేధ అట్టపెట్టెలో వచ్చింది. రుద్రూర్ దాటినంక చెరుకు తోటల నడుమ ఉన్న ప్రైమరీ బడి మాది. వాన పడితే నాలుగో తరగతి లేచిపోయి మూడో తరగతిలో కూర్చుంటుంది. పైకప్పు మరమ్మతు మాత్రం ఇంతవరకు ఏ పెట్టెలోనూ రాలేదు.

టాబ్లెట్లు పంచడానికి నిజామాబాద్ నుంచి ఒక ట్రైనర్ కారులో వచ్చాడు. "ఇకనుంచి మీరు పాఠం చెప్పక్కర్లేదు సర్. పిల్లలకు దారి చూపిస్తే చాలు" అన్నాడు. దారి చూపించడం నాకు కొత్తేమీ కాదు. ఆయనకు బడి దొరక్కపోతే ఫోన్లో దారి చూపించింది కూడా నేనే.

టాబ్లెట్ తెలుగులో ప్రశ్న అడుగుతుంది, పిల్ల నోటితో జవాబు చెబుతుంది, దాన్నిబట్టి పిల్లకు పాఠాలిచ్చి మెట్టు ఎక్కిస్తుంది. మా పెద్దసారు హెడ్‌మాస్టర్ గనక అందరికన్నా ముందే భక్తుడయ్యాడు. "మూడో మెట్టెక్కినోళ్లనే గురుకులం పరీక్షకు పంపుదాం. మిషన్ అబద్ధమాడదు" అన్నాడు. నిజమే. అది నమ్మిందే చెబుతుంది. ఆ గుణం మా పెద్దసారులోనూ ఉంది.

నా నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. అక్క చదివే గురుకులంలోనే తనకూ సీటు రావాలని ఆదివారం కూడా లెక్కలు చేసేది. వాళ్ళ బాపు చెరుకు ట్రాక్టరు నడిపేవాడు. దగ్గరి ఫ్యాక్టరీ మూతబడ్డంక లోడు ఎక్కడెక్కడికో తోలాలి. పొద్దుగాల పోతే మాపటికి గానీ ఇల్లు చేరడు.

మొదటి రోజు టాబ్లెట్ ఆ పిల్లను అడిగింది: "మీ నాన్నగారి గురించి చెప్పు."

నాన్నగారంటే ఎవరా అని పిల్ల కాసేపు ఆలోచించి, "మా బాపు పోయిండు" అంది.

మా దిక్కు పోయిండంటే పోయిండు. పనికి, అంగడికి, పక్కనున్న వర్నికి. ప్రాణం పోతే సచ్చిండంటాం, మర్యాద చేయాలనిపిస్తే కాలం జేసిండంటాం. టాబ్లెట్ ఏ దిక్కు తెలుగు నేర్చుకుందో గానీ, "నీ తీరని నష్టానికి చింతిస్తున్నాను" అంది. అంతటితో ఆగితే బాగుండేది. ఆ రోజు నుంచి భిన్నాల పాఠం తీసేసి, "కళ్ళు మూసుకో, నెమ్మదిగా గాలి పీల్చు" అనడం మొదలుపెట్టింది. తోటి పిల్లలు లెక్కలు చేసి మెట్లెక్కుతుంటే, ఈ పిల్ల మొదటి మెట్టు మీద కూర్చుని గాలి పీలుస్తోంది.

"లెక్కలియ్యమనుండ్రి సార్ దాన్ని" అంది నాతో. "ఊపిరి నాకొస్తది."

వారం చివర ఆ టాబ్లెట్ తల్లిదండ్రుల ఫోన్లకు సందేశం కూడా పంపుతుంది. తండ్రిని కోల్పోయిన మీ పాపను జాగ్రత్తగా చూసుకోండని వెళ్ళింది. వెళ్ళింది తండ్రి ఫోనుకే. రెండ్రోజులకు ట్రాక్టరు బడి ముంగట ఆగింది.

"సారూ, నేను సచ్చిన్నంట గద!"

"అట్లేం లేదన్నా. మిషన్‌కు తప్పు ఇనబడ్డది."

"నన్నొక్క మాటన్న అడగకపోతిరి. మా ఇంటామె ఊకుంటదా? మెసేజ్ సదివిచ్చుకున్నకాన్నుంచి 'సచ్చినోనికి కూరెందుకు' అని ఉత్త మామిడి తొక్కేసి అన్నం పెడుతున్నది."

పెద్దసారుకు ఒక ఉపాయం తట్టింది. "ఆయననే చెప్పమనండి" అన్నాడు. తండ్రి చేతులు తుడుచుకుని, టాబ్లెట్ పట్టుకుని, తహసీల్దారు ముంగట నిలబడ్డట్టు నిలబడి దానికి చెప్పాడు: "నేను ఈ పిల్ల బాపును. బతికే ఉన్న."

టాబ్లెట్ ఓదార్చింది: "అవును. మీ నాన్నగారు మీ జ్ఞాపకాల్లో ఎప్పటికీ బతికే ఉంటారు."

తండ్రి దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "గిది నన్ను బతకనిచ్చేటట్టు లేదు సారూ."

ట్రైనర్‌కు ఫోన్ చేశాను. "పిల్లల బాధ తెలుసుకునే ఏర్పాటు సర్ అది. బాగా పనిచేస్తున్నట్టుంది. మీ సమస్యను పైకి పంపిస్తా" అన్నాడు. పైకి పోయినోని సమస్య గనక పైనే తేలడం న్యాయమే. ఎంత చూసినా తేలలేదు.

"ఆ పిల్ల లెక్కలు నేను రోజూ చూస్తున్న సార్, నా మాట మీద పేరు రాయండి" అని పెద్దసారును అడిగాను.

"మీ మాటకు మెట్లుండవు కదా" అన్నాడు, బాధపడుతూనే.

దరఖాస్తుల గడువు దగ్గరపడ్డాక, ఒక పొద్దున ఆ పిల్ల తెలుగు వాచకం ముందేసుకుంది. ఏదో పాఠంలో ఒక నాన్నగారు ఎట్లా మాట్లాడతాడో, ఎట్లా నడుస్తాడో చదివింది. తర్వాత టాబ్లెట్ ముందు నిటారుగా కూర్చుని, టీవీలో వార్తలు చదివే ఆమె గొంతు పెట్టి అంది: "మా నాన్నగారు ఊరికి వెళ్ళారు. తిరిగి వచ్చారు."

"చాలా సంతోషం!" అంది టాబ్లెట్. చనిపోయిన మనిషి తిరిగెట్లా వచ్చాడని ఒక్క ప్రశ్న వేయలేదు. వెంటనే భిన్నాలు ఇచ్చింది. మధ్యాహ్నం అన్నం గంట కొట్టేలోపు పిల్ల మూడో మెట్టెక్కేసింది.

పెద్దసారు పరీక్షకు పేరు రాశాడు. టాబ్లెట్ వల్ల పిల్లల భాష ఎంతో మెరుగుపడిందని పైకి రిపోర్టు కూడా రాశాడు. ఎవరికి ఎవరు దారి చూపించారో ఆ రిపోర్టు చదివి ఎవరూ అడగలేదు.

మర్నాడు దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాల్సి వచ్చింది. "మీ బాపు ఏడి బిడ్డా?" అని అడిగాను.

పిల్ల నా బల్ల మీదున్న టాబ్లెట్ దిక్కు చూసింది. దగ్గరికి వచ్చి దాన్ని బోర్లించింది.

"పోయిండు సార్" అంది, మెల్లగా.