మేనత్త కుట్టుమిషనుకు బీమా

మహిమల మీద నేను నిప్పులు చెరిగే రోజులవి. అరవైల మొదట్లో జహీరాబాద్‌లో నలుగురు చేరిన చోటల్లా తాయెత్తుల మీద, కులం మీద వాదించేవాణ్ని. ఆ వాదం మా ఇంట్లో మేనత్త ముందు మాత్రం సాగేది కాదు.

భర్త పోయాక ఆమె బతుకు కుట్టుమిషను మీదే నడిచింది. దాన్ని సహకార బ్యాంకు అప్పుతో కొన్నది. అప్పు తీరేదాకా మిషనే తాకట్టు. తాకట్టు వస్తువుకు అగ్నిప్రమాద బీమా ఉండాలని బ్యాంకు షరతు.

"మిషిన్ కాలుతదని ఇప్పుడే రాస్కుంటరా? మీ నోట్ల మంచి మాటే రాదా?" అని గుమాస్తాతో కొట్లాడి, చివరికి బీమా డబ్బు కట్టింది. పాలసీ నకలు చేతికొచ్చాక మాత్రం మనసు మార్చుకుంది. దానికి పసుపు రాసి, ఎర్రగుడ్డలో చుట్టి, మిషనుకు పైనున్న దూలానికి కట్టింది.

"అత్తా, గది తాయెత్తు గాదు. మంటను ఆపదు" అన్నాను.

"ఆపకుంటే పైసలెందుకు కట్టించుకున్నరురా? నీకు అన్నిట్ల వంకలే. దాన్ని ముట్టినవంటే చేతులిరగ్గొడ్త."

ఆ ఎండాకాలం పక్కింటి జొన్నచొప్ప వాము అంటుకుంది. గాలి మా వైపే వీచింది. మేం నీళ్లు మోసేలోపే అత్త గది కప్పు కూలింది. మనుషులకేమీ కాలేదు. మిషను చెక్కబల్ల మసైపోయింది, ఇనుము వంకరపోయింది. దూలంతో పాటు ఎర్రగుడ్డా పోయింది. చల్లారాక అత్త బూడిదంతా చేతులతో వెతికింది.

"మిషిన్ పాయె, కాయితం పాయె. ఇగ బ్యాంకోళ్లకు ఏం జూపియ్యాలె? కిస్తులెట్ల కట్టాలె? నేనేం తినాలె?"

బీమా తాయెత్తు కాదని వాదించానేగాని, మరేమిటో నాకూ సరిగ్గా తెలియదు.

కొన్నాళ్లకు, బ్యాంకు రాసిన ఉత్తరం అందుకుని, బీమా కంపెనీ మనిషి హైదరాబాదు బస్సు దిగి వచ్చాడు. అసలు పాలసీ బ్యాంకు బీరువాలో భద్రంగా ఉందన్నాడు. గొంతుక్కూర్చుని, ఇనుము మీది మసి తుడిచి, మిషను నంబరు సరిచూసుకున్నాడు. బ్యాంకు బాకీ తీరిపోతుందనీ, మిగిలింది అత్తకు వస్తుందనీ చెప్పాడు.

అత్త నమ్మలేదు. "ఎవలిస్తరు సాబ్? సర్కారా?"

"కాదమ్మా. మీ లెక్కనే బీమా కట్టినోళ్లు. బొంబాయిల ఉన్నరు, మద్రాసుల ఉన్నరు. వాళ్లయి కాలలే, మీది కాలింది. అందరు కట్టిన పైసలల్లకెల్లి మీకొస్తయి."

"వాళ్లకు నేనెరుకనా?"

"ఎర్కలేదు."

"ఏం కులపోళ్లు?"

అతను నవ్వాడు. "ఆ సంగతి మేమడగమమ్మా."

మనిషికి మనిషే దిక్కని నేను గొంతు చించుకుంటున్నది, ఎవరి ఉపన్యాసమూ లేకుండానే జరిగిపోతోంది! మొహం కూడా చూడని మనుషులు మా అత్త కూలిన కప్పు కింద చేయి పెట్టారు. ఆకాశం నుంచి ఏమీ ఊడిపడలేదు. ఇంతకంటే పెద్ద మహిమ ఏ పురాణంలోనూ నేను చదవలేదు.

వచ్చిన డబ్బుతో అత్త పాత మిషనొకటి కొంది. దాని మీద అప్పూ లేదు, షరతూ లేదు. అయినా ఒక పొద్దున బీమా కట్టడానికి హైదరాబాదు బయల్దేరింది.

"ఇప్పుడు నిన్నెవలు అడుగుతలేరు గదత్తా" అన్నాను.

"మద్రాసుల ఎవలిదన్న కాలితే?" అంది చెప్పులు తొడుక్కుంటూ. "జర తొవ్వ ఇడువు, బస్సు పోతది."