న్యూట్రల్లో పోయిన మైలేజీ

మా ఆయన ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషి. క్వారీ రాయి, పత్తి బేళ్ళు, మిర్చి టిక్కీలు, ఏది ఎక్కించినా తోటి డ్రైవర్ల కంటే నాలుగు లీటర్ల డీజిల్ మిగిల్చి దిగేవాడని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. ఇప్పుడు స్టీరింగు వదిలి ఇంటిపట్టున ఉంటున్నాడు. నేను నూజెండ్ల పక్కన ఒక బళ్ళో టీచర్ని. నరసరావుపేట నుంచి రోజూ పోయి రావడానికని నిరుడు హైబ్రిడ్ కారు కొన్నాం. కొన్నది నా జీతంతో, తాళం మాత్రం ఆయన జేబులో.

నాకూ డ్రైవింగ్ వచ్చు, లైసెన్సూ ఉంది. తాళం అడిగితే మాత్రం ఒకటే మాట. "ఏమే, నీ చేతికిస్తే పెట్రోలు నీళ్ళ మాదిరి తాగుద్ది. నేను దించుతా గదా, నీకెందుకు?"

దించేవాడే. పాత స్నేహితులున్న ప్రతి టీ బంకు దగ్గరా ఆపి మరీ దించేవాడు. బళ్ళో ఫోనుకు ముఖం చూపించి హాజరు వేయాలి. రెండుసార్లు ఆలస్యం పడేసరికి హెడ్మాస్టరు గారు పిలిచి అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే ఒళ్ళు మండి అన్నాను. "పందెం. ఒక వారం మీరు, ఒక వారం నేను. అదే దారి. ఎవరికి మైలేజీ ఎక్కువొస్తే తాళం వాళ్ళది."

ఆయన పగలబడి నవ్వాడు. "చానా దూరం పోయావే! సరే, కానీ."

మొదటి వారం ఆయనది. టైర్లలో గాలి కొట్టించాడు, డిక్కీలో సామాను దించాడు, ఏసీ కట్టేశాడు. బడికి చేరేసరికి నా చీర తడిసి ముద్దయ్యేది. ఎక్కడ పల్లం వచ్చినా, వంతెన దిగుతున్నా, గేరు లివరును ఎన్‌లోకి తోసి నా వంక గర్వంగా చూసేవాడు. పల్లంలో న్యూట్రల్ చేసి బండిని ఊరికే దొర్లించడం లారీవాళ్ళ డీజిల్ పొదుపు. ఆ అలవాటు ఆయన చేతికి అంటుకుపోయింది.

నేను కారుతో ఇచ్చిన పుస్తకం మొత్తం చదివాను. ఈ కారు పల్లంలో దొర్లేటప్పుడూ, బ్రేకు మెల్లగా తొక్కినప్పుడూ చక్రాల తిరుగుడుతోనే బ్యాటరీ నింపుకుంటుంది. ఎన్‌లో పెడితే ఆ నింపుకోవడం ఆగిపోతుంది. ఆయన లివరు తోసినప్పుడల్లా తెరమీద బ్యాటరీ వైపు పోయే బాణం గుర్తు ఆరిపోతూనే ఉంది. నోరు మూసుకుని కూర్చున్నాను. చెప్తే వినే మనిషి కాదు, పైగా పందెం పందెమే.

రెండో వారం నాది. చల్లగా ఏసీ వేసుకున్నాను. ఊరు వస్తుందనగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసేదాన్ని. స్పీడ్ బ్రేకరు చేరేలోగా బండి తనంతట తానే నెమ్మదించేది. పత్తి ట్రాక్టర్ల వెనక తొందరపడలేదు. "ఏంది, ఎద్దుల బండా ఇది?" అని, లెక్క చూసుకోవాలని పక్కన కూర్చున్న ఆయన సణుగుతూనే ఉన్నాడు.

శనివారం సాయంత్రం ఇంటిముందు బండి ఆపి ఇద్దరం తెర చూశాం. ఆయన తోలిన వారంలో లీటరుకు పందొమ్మిది కిలోమీటర్లు వచ్చాయి. నాది ఇరవై నాలుగు.

గెలిచానని కేక వేయబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ముప్పై ఏళ్ళు తోలా. ఇప్పుడు నాకు బండి తోలడం రాదంటావా?" అన్నాడు మెల్లగా. పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించాను. "మీ తోలుడులో తప్పు లేదు. లారీకి కలిసొచ్చింది దీనికి పనికిరాదు, అంతే."

చాలాసేపు చదివాడు. "తెలిసి కూడా వారమంతా పక్కన కూర్చుని చెప్పలా?"

"లేదు."

"దొంగదానివే నువ్వు," అని నవ్వేశాడు. తాళం మాట మాత్రం ఎత్తలేదు. ఆదివారం సీటు వెనక్కి తోసుకుని, తనే చిలకలూరిపేట పోయొచ్చాడు. తాళం మళ్ళీ జేబులోకే పోయింది. ఇంతేలే అని లోపల ఉడికిపోయాను. గెలుచుకున్నదాన్ని అడుక్కోవడం నాకిష్టం లేక ఊరుకున్నాను.

సోమవారం పొద్దున వంటింటి గట్టు మీద నా క్యారేజీ పక్కన తాళం కనిపించింది. ఆయన అప్పటికే టీ బంకుకు నడిచి వెళ్ళిపోయాడు. బయటికొచ్చి కారు తలుపు తీశాను. డ్రైవరు సీటు ముందుకు జరిపి ఉంది, సరిగ్గా నా కాళ్ళు అందేటంత.